కొమురవ్వ షిఫ్టులో వాల్యూమ్ పడిపోతోంది

నమోదు 112. సోమవారం, మొదటి షిఫ్టు

ఇది చెవిగది లాప్‌టాప్ రిపేరు చిట్టా. రాసేది రజిత, ఏడో ఇంక్లైన్ అనే పాత బొగ్గుబాయిలో కరెంటు పని చేసే మనిషి. ఎవరైనా చదువుకోవచ్చు, ఫైలుకు తాళం పెట్టను. మూత బిగించిన యంత్రం దొర చేతి కర్ర లాంటిదని 'తెరిచిన పెట్టె' కరపత్రంలో ఉంది. ఆ కరపత్రాలు దొరికినన్ని చదివాను. చెప్పేవాళ్లు లేరు, నాకు నేనే చదువుకున్నాను. అందుకే అర్థం కానిచోట నాకు కోపం వస్తుంది. ఇవాళ బాగా వచ్చింది.

నిన్న మూడో గల్లీలో, జనం పడుకునే సొరంగంలో, కప్పు నుంచి పెచ్చు ఊడి కోళ్ల గంప మీద పడింది. గంప పక్కనే ఒక పసిపిల్ల నిద్రపోతోంది. పిల్లకు దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు, కోళ్లు మాత్రం చచ్చాయి. గంట మోగలేదు. ఆ షిఫ్టులో చెవిగదిలో కూర్చున్నది కొమురవ్వ.

మా బతుకంతా చెవిగదిలో ఒక వైరు చివర వేలాడుతోంది. కప్పులో దిగ్గొట్టిన మైకుల తీగలన్నీ అక్కడికే వస్తాయి. లాప్‌టాప్ ఆ చప్పుళ్లన్నీ కలిపి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఏదో ఒక మైకునే వినాలంటే దాని అంకె నొక్కాలి. కూర్చున్న మనిషి కళ్లు మూసుకుని వింటుంది. బ్యాటరీ మిగలాలని స్క్రీన్ ఆర్పేసి ఉంచుతాం. కూలే ముందు రాయి సన్నగా చిట్లుతుంది, పలకడం అంటాం. రాయి పలికితే గది బయట వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో కొట్టాలి, అదే మా గంట. గల్లీల్లో పడుకున్న జనమంతా లేచి చెవిగది ముందున్న పెద్దదారిలోకి ఉరకాలి. అక్కడొక్కచోటే కప్పు గట్టిది.

కొమురవ్వ షిఫ్టు దిగాక స్క్రీన్ వెలిగించి చూశాను. వాల్యూమ్ సున్నా మీద ఉంది. అరవై మీద ఉండాలని కమిటీ నియమం.

కమిటీ పెద్ద ఓదెలు కాక నా వెనకే నిలబడి చూశాడు.

"అవ్వ చెవులు పోయినయ్ రజితా. యంత్రాన్నెందుకు గెల్కుతవ్?"

"సున్నా మీదుంటే నీ చెవులకు మాత్రం ఇనవడ్తదా కాకా?"

"సున్నా ఎవలు జేసిండ్రు మరి? కూసున్నది ఆమెనే గద."

శనివారం కమిటీ కూర్చుంటుందట. పని చేయలేనివాళ్లకు కింద చోటు లేదు, పైన ఎండలో రేకుల షెడ్లకు పోవాలి. పోయిన ఎండాకాలం పైకి పంపినవాళ్లలో సగం మందిని వానలు పడ్డాక మేమే వెళ్లి పూడ్చి వచ్చాం. ఈ ఎండాకాలం ఇంకా సగం కూడా కాలేదు.

శనివారంలోగా ఇది యంత్రం తప్పని చూపిస్తాను.

నమోదు 113. సోమవారం, రెండో షిఫ్టు

ముందు అందరికీ తట్టేదే నాకూ తట్టింది. వాల్యూమ్ తగ్గించే మీట ఇరుక్కుని ఉంటుంది. గోరుతో లేపి తీశాను. కింద బొగ్గుదుమ్ము, ఒక చీమ, ఎవరిదో తెల్లవెంట్రుక. అంతా ఊది తుడిచి మళ్లీ బిగించాను. మీట మెత్తగా దిగుతోంది, లేస్తోంది.

అరవై పెట్టి వచ్చాను. కొమురవ్వ షిఫ్టు సగానికి పోయి చూస్తే పదిహేను.

మీటను పీకేసి జేబులో వేసుకున్నాను. ఇంక నొక్కడానికి అక్కడ మీటే లేదు. షిఫ్టు చివరికి మళ్లీ సున్నా.

నమోదు 114. మంగళవారం, మొదటి షిఫ్టు

ఇవాళ బానేశన్నతో గొడవ పెట్టుకున్నాను. కొమురవ్వకు ముందు షిఫ్టులో కూర్చునేది ఆయనే. ఆయన షిఫ్టులో వాల్యూమ్ ఎప్పుడూ అరవై నుంచి కదలదు. ఆమె కూర్చోగానే పడిపోతుంది. ఇంకెవరిని అనుమానించాలి?

"ఏం బెట్టి పోతున్నవ్ అన్నా దాంట్లె? అవ్వ పోతె రెండు షిఫ్టుల బువ్వ నీకేనా?"

ఆయన నీళ్లు తాగుతున్నవాడు తాగుతూనే నన్ను చూశాడు. మూతి తుడుచుకున్నాడు.

"నాకు లాప్‌టాప్‌ల ఇయ్యి రెండే ఎరుక. మూత తీసుడు, మూత ఏసుడు. నువ్వు సదివినదానివి, నువ్వే జెప్పు, నేనేం బెట్టిన్నో."

"నవ్వులాటనా?"

"నవ్వులాట గాదు బిడ్డా. గిట్ల నోరు పారేస్కుంటే శనారం నాడు నీ మాట ఎవలింటరు? అవ్వకు నీ నోరే ఎసరు పెట్టేటట్టున్నది."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. కానీ ఆయన చెప్పింది నిజం. నా దగ్గర ఉన్నది అనుమానమే. చేతిలో చూపించడానికి ఏమీ లేదు.

కొమురవ్వను అడిగాను, వాల్యూమ్ నువ్వేమైనా ముట్టుకుంటున్నావా అని. "ముట్టుకుంట. షురువుల కొంచెం సవరించుకుంట," అంది. తర్వాత తగ్గుతున్నట్టు అనిపించలేదా అంటే తల పక్కకు తిప్పుకుని, "పని జూస్కో పోవే," అంది. ముప్పై ఏళ్లుగా చెవిగదిలో కూర్చున్న మనిషి. జనం ఎండకు తాళలేక ఈ మూతబడ్డ బాయిలోకి దిగినప్పుడు మొదటి రోజే దిగింది. నాలాంటి పోరికి లెక్క చెప్పాలా అనుకుందేమో.

నమోదు 115. మంగళవారం, రెండో షిఫ్టు

ఏ మీట ఎటునుంచి నొక్కుతున్నారో వరసగా రాసి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి లినక్స్‌లో ఉంది. కరపత్రంలో దాని పేరు చదివాను కానీ వాడే పని ఎప్పుడూ పడలేదు. లాప్‌టాప్ కంటికి కీబోర్డు ఒక పరికరం, మౌస్ ఒక పరికరం, మూత తెరిచారని చెప్పేది కూడా ఒక పరికరం. ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలంటే ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టాలి.

కొమురవ్వ కళ్లు మూసుకుని వింటుంటే నేను స్క్రీన్ వెలుగు తగ్గించుకుని పక్కన కూర్చున్నాను. మొదట కీబోర్డు దగ్గర చెవి పెట్టాను. చడీచప్పుడు లేదు. వాల్యూమ్ మాత్రం అరవై నుంచి యాభై అయిదుకు, యాభైకి, నలభై అయిదుకు దిగుతోంది. నా కళ్లముందే, ఎవరూ ముట్టకుండానే. నేను పక్కనున్నందుకేమో, ఇవాళ అవ్వ కూడా సవరించుకోలేదు.

అంటే కీబోర్డు తప్పు లేదు. పీకేసిన మీటను జేబులోంచి తీసి క్షమించమని అడగాలనిపించింది.

ఒక్కో పరికరం మారుస్తూ పోయాను. చివరిదాని పేరు హెడ్‌ఫోన్. దాన్ని తెరవగానే స్క్రీన్ నిండా రెండే మాటలు, ఒకదాని కింద ఒకటి. వాల్యూమ్ డౌన్ నొక్కారు. వాల్యూమ్ డౌన్ వదిలారు. నొక్కారు. వదిలారు.

చాలాసేపు అర్థం కాలేదు. ఇయర్‌ఫోన్ రంధ్రం చప్పుడు బయటికి పోయే దారి. ఆ దారిన మీట నొక్కుడు లోపలికి ఎట్లా వస్తోంది?

నమోదు 116. బుధవారం, మొదటి షిఫ్టు

దొరికిందనుకున్నాను, దొరకలేదు.

చెవిగదిలో ఎవరి ఇయర్‌ఫోన్ వాళ్లదే. ఒకరి గుబిలి ఇంకొకరికి అంటకూడదని పాత కట్టుబాటు. మూడు నెలల కింద, ముప్పై ఏళ్లు కూర్చున్నందుకు కమిటీ కొమురవ్వకు కొత్త జత బహుమతిగా ఇచ్చింది. పాతకాలం మనుషులు ఫోన్లలో మాట్లాడుకోవడానికి వాడిన రకం. వైరు మధ్యలో బియ్యపుగింజంత మైకు, దాని పక్కన చప్పుడు పెంచే, తగ్గించే బటన్లు. గొడవ మొదలైంది కూడా అప్పటినుంచే.

కమిటీ ఇచ్చిన వస్తువు! నాకు నెత్తురు తలకెక్కింది. కావాలనే చెడ్డది ఇచ్చారనుకున్నాను. ఆ బటన్ల డబ్బీ విప్పి చూశాను. లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. దాన్ని తెచ్చి నా గదిలో ఉన్న లాప్‌టాప్‌కు పెట్టి షిఫ్టంతా వదిలేశాను. వాల్యూమ్ వెంట్రుకంత కదల్లేదు. బానేశన్న ఇయర్‌ఫోన్ చెవిగది లాప్‌టాప్‌కు పెట్టి చూస్తే అదీ కదల్లేదు.

వైరు మంచిదే. లాప్‌టాప్ మంచిదే. రెండూ కలిస్తేనే పాడు.

ఆ మాట బానేశన్నకు చెప్పి, నిన్నటి మాటలకు తప్పయిందన్నాను. "మా ఇంట్ల నేను, మా ఆమె గూడ గంతే," అన్నాడు.

నమోదు 117. గురువారం, షిఫ్టు మారే టైము

ఇప్పుడు నిజంగానే దొరికింది.

నిద్ర లేక గోడకు ఆనుకుని కూర్చున్నాను, షిఫ్టు మారుతుంటే చూడటానికి. ప్రతిరోజూ చూసేదే. దిగే మనిషి ఎక్కే మనిషి నోట్లో బెల్లం ముక్క పెడతాడు. బొగ్గుదుమ్ము గొంతులో పట్టకూడదని బాయిలో బెల్లం తినడం ఎప్పటినుంచో ఉంది. చెవిగదిలో మాత్రం ఎవరి చేత్తో వాళ్లు తినరు. ఇప్పటిదాకా జనం ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి, ఇక నీ చేతిలో అని చెప్పినట్టు ఒకరి నోట్లో ఒకరు పెట్టాలి. పెట్టకుండా దిగిపోతే తప్పు.

బానేశన్న బెల్లం ముక్కను వేళ్లతో చిదిపి కొమురవ్వ నోట్లో పెట్టాడు. అవే వేళ్లతో తన ఇయర్‌ఫోన్ పిన్ను పట్టుకుని బయటికి లాగాడు. కొమురవ్వ మిగిలిన పొడి నాకి, అవే వేళ్లతో తన పిన్ను లోపలికి తోసింది. రోజుకు మూడుసార్లు. ఎన్నేళ్ల నుంచో.

లేచి పిన్నీసు తెచ్చాను. టార్చి పెట్టి ఆ రంధ్రంలో గీకితే నల్లటి జిగురు తాడులా వచ్చింది. బెల్లం, బొగ్గు, బాయి తడి. ముగ్గురూ కలిసి సంసారం పెట్టారు లోపల.

నాకు అర్థమైనట్టు రాస్తాను. ఆ చిన్న బటన్లకు మాట్లాడే విద్య లేదు. నొక్కితే పిన్ను మీది రెండు పట్టీల మధ్య కరెంటుకు కొంచెం దారి ఇస్తాయి, అంతే. దారి ఇంత ఉంటే పెంచమని, ఇంత ఉంటే తగ్గించమని లాప్‌టాప్ కొలుచుకుని అర్థం చేసుకుంటుంది. మామూలు పిన్నుకు మూడు భాగాలు, మైకు ఉన్న పిన్నుకు నాలుగు. బానేశన్నదీ, మూడో షిఫ్టు మనిషిదీ మూడు భాగాలవి కాబట్టి లాప్‌టాప్ వాటి దగ్గర కొలిచే పనే పెట్టుకోదు. కొమురవ్వది నాలుగు. కొలుస్తుంది. కొలిచిన చోట తడిసిన బెల్లపు మసి రెండు పట్టీలకూ అంటుకుని కరెంటుకు దారి ఇస్తోంది. సరిగ్గా తగ్గించమని బటన్ నొక్కినంత దారి. నా గదిలో లాప్‌టాప్‌కు ఎవరూ బెల్లం పెట్టలేదు, అందుకే అక్కడ ఏమీ కాలేదు.

పిన్నీసుకు దారం చుట్టి సారాలో ముంచి తుడిచాను. నలుపు పోయేదాకా తుడిచాను. ఆపైన, హెడ్‌ఫోన్ నుంచి వచ్చే బటన్ల మాట నమ్మవద్దని లాప్‌టాప్‌కు ఒక వరస రాసిపెట్టాను. బెల్లం మళ్లీ చేరినా ఇక దాని మాట చెల్లదు.

"దేవుని ప్రసాదం పెట్టినట్టు పెట్టుకున్నం గదనే ఇన్నేండ్లు," అన్నాడు బానేశన్న ఆ నల్లతాడు చూసి. "బెల్లం బందు జెయ్యమంటవా?"

"బెల్లం తినుండ్రి. చెయ్యి కడుక్కోండ్రి."

"నీళ్లేవి?"

సారాలో ముంచిన గుడ్డ ఒకటి మేకుకు తగిలించాను. ఆ గుడ్డ చెయ్యి తుడవడానికే ఉంటుందని నాకు నమ్మకం లేదు.

నమోదు 118. గురువారం, రెండో షిఫ్టు

రాయాలా వద్దా అని ఆలోచిస్తూ ఈ వాక్యం రెండుసార్లు తుడిచాను.

బాగైందో లేదో చూద్దామని ఒకే రంధ్రంలో రెండు వైర్లు పట్టే జోడు పిన్ను పెట్టి, కొమురవ్వ పక్కన నేనూ చెవులకు తగిలించుకున్నాను. మీట తిరిగి బిగించాను. వాల్యూమ్ అరవై. కప్పు చప్పుడు ఎట్లా ఉంటుందో నేను అంతసేపు ఎన్నడూ వినలేదు. దూరంగా నీళ్లు కారడం, ఎక్కడో దగ్గు, మధ్యలో రాయి పొట్ట కదిలినట్టు ఒక మూలుగు. వాల్యూమ్ అరవై మీదనే నిలబడింది. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది.

అప్పుడు కొమురవ్వ కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి, తడుముకుంటూ పెంచే మీట పట్టుకుని నొక్కింది. ఇంకా నొక్కింది. ఇంకా. నా చెవుల్లో నీటిబొట్టు పలుగుపోటు అయింది. ఇయర్‌ఫోన్ పీకి పారేశాను.

"అవ్వా, గింత చప్పుడా!"

"చప్పుడేడిదే? ఇప్పుడే సక్కగయింది."

స్క్రీన్ చూశాను. తొంభై అయిదు.

ఆమె నా మొహం చూసింది. నేను దాచుకోలేదు, నాకు దాచుకోవడం రాదు. ఇయర్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పటిసంది?" అన్నాను.

"రెండేండ్లు. మూడేమొ."

"మరి ఈ మూణ్నెల్ల సంది అంతకంతకు తగ్గిపోతాంటే ఎందుకు జెప్పలే? మొన్న నేనడిగితె గూడ జెప్పకపోతివి."

"యంత్రం తగ్గుతాందని నాకేమెరుక బిడ్డా?" అంది. "నేనే తగ్గుతున్ననుకున్న."

ఇయర్‌ఫోన్ వైరు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కాసేపటికి, "శనారం ఏం జెప్తవ్?" అని అడిగింది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. బెల్లం సంగతి ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆమె కింద ఉంటుంది. కప్పు కింద పడుకునేవాళ్లలో ఆ పసిపిల్ల కూడా ఉంది. ఏదీ దాచవద్దని కరపత్రంలో రాసినవాళ్ల పక్కన ఒళ్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏ ముసలవ్వా కూర్చుని ఉండదు.

నమోదు 119. శనివారం

శుక్రవారం ఏమీ రాయలేదు. పంపు చెడిపోయింది, దాంట్లోనే గడిచింది.

కమిటీ పెద్దదారిలో కూర్చుంది. ఇవాళ కూర్చున్నవాళ్లలో మాట్లాడింది ఇద్దరు ముగ్గురే, మిగతావాళ్లు అలసిపోయి చూస్తున్నారు. నేను నల్లజిగురు రేకు ముక్క మీద పెట్టి తెచ్చాను. నేను రాసిన వరస కాసేపు తీసేసి, రంధ్రంలో తిరిగి అది పూసి, నొక్కారు వదిలారు అని స్క్రీన్ మీద ఎట్లా పడుతుందో చూపించాను. తుడిచి, ఆగిపోవడం చూపించాను. ఓదెలు కాక వంగి రెండుసార్లు చూశాడు. మొండివాడే కానీ కళ్లతో చూసినదాన్ని కాదనడు.

"సరె. యంత్రం తప్పే. అవ్వ పనిల అవ్వ ఉంటది. ఇగ లేవుండ్రి."

జనం లేస్తున్నారు. నేను నోరు మూసుకుని ఉన్నాను. నా బతుకులో మొదటిసారి.

"కూసోండ్రి," అంది కొమురవ్వ. "ఇంకోటున్నది."

ఆమే చెప్పింది. అరవైలో తనకు సన్నవి వినపడవని, తొంభై దాటితేనే పని నడుస్తోందని. "గల్లీలల్ల నా మనుమలు గూడ పండుకుంటరు. అబద్ధమాడి కూసునుడు నాకు చాతగాదు," అంది.

ఓదెలు కాక తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయనకూ కష్టంగానే ఉంది, అది నేను ఒప్పుకోవాలి. "అరవైల ఇనలేనోళ్లు కూసోవద్దని మనమే రాసుకున్నం అవ్వా," అన్నాడు.

అప్పుడు నాకు నోరు ఆగలేదు.

"అరవై ఏమన్న రాయి జెప్పిందా కాకా? అందరి చెవులు ఒక్కతీరుంటె ఆ మీటలు జేసినోడు జేసేటోడే గాదు. పెంచుకోనీకె గద అవి పెట్టింది! మనిషిని బట్టి మీట నొక్కాలె, మీటను బట్టి మనిషిని పైకి తోల్తరా?"

"నీ కరపత్రం రాయిని ఆపుతదా?"

"నీ అరవై ఆపిందా?"

"ఏయ్ పోరీ," అన్నారెవరో వెనక నుంచి.

ఆగిపోయేదే అక్కడ. కానీ బానేశన్న గోడకు ఆనుకున్నవాడు అట్లాగే ఉండి మాట్లాడాడు.

"నాకు అరవైల మస్తు ఇనవడ్తది. చీమ నడిచినా ఇనవడ్తది. గని ఏ చిటుకు ఏందో నాకు తెల్వదు కాకా. పోయినేడు రెండుసార్లు గంట కొట్టిన, రెండుసార్లు ఉత్తదే. మీరంత నన్ను తిట్టిండ్రు. అవ్వ ముప్పై ఏండ్లల్ల ఒక్క ఉత్త గంట కొట్టలే. ఆమెకు ఇనవడకపోతె ఇనేటోళ్లను పక్కన కూసోపెట్టుండ్రి. నాకు తెలివి యాడికెల్లి తెచ్చి పెడ్తరు?"

ఒక పనికి ఇద్దరికి బువ్వ పెట్టే దిక్కు లేదన్నాడు ఓదెలు కాక. బువ్వ వద్దన్నాను. నా కరెంటు పని నేను చేసుకుని, నా నిద్ర టైములో ఆమె పక్కన కూర్చుంటానన్నాను.

"వానలు పడేదాక జూస్తం," అన్నాడు. "ఒక్క రాయి తప్పినా అవ్వ పైకి పోవుడే. అప్పుడు నాతోని కొట్లాడద్దు."

గెలిచాననుకుని లేచాను. కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ కూలబడ్డాను.

నమోదు 121. మంగళవారం

వాల్యూమ్ తొంభై అయిదు. నిలకడగా ఉంది. రంధ్రం శుభ్రం. గుడ్డలో సారా ఎవరో పిండుకుని తాగారు, మళ్లీ ముంచాను.

నా చెవుల్లో దూది పెట్టుకుని ఇయర్‌ఫోన్ పైన తగిలించుకుంటున్నాను. ఇద్దరికీ వాల్యూమ్ వేరువేరుగా ఉండేట్టు చేయవచ్చు, దానికి ఇంకో సౌండు పెట్టె కావాలి, అది లేదు.

చాలా నిద్రగా ఉంది. దీనికంటే రాయడానికి ఏమీ లేదు.

నమోదు 124. శుక్రవారం

పంపు పని. తర్వాత చెవిగది. కునుకు పడితే కొమురవ్వ మోచేత్తో పొడుస్తోంది. "ఇనేదానివి నువ్వు. నేను పండుకున్నా నడుస్తది, నువ్వు పంటె నడవది," అంటోంది.

పోట్లాట ఒకసారే ఉంటుంది, తర్వాత రోజూ కూర్చోవడం ఉంటుంది. ఇది ముందే తెలిస్తే పోట్లాడకపోదును అని రాయబోయి ఆగాను. పోట్లాడేదాన్నే. కొంచెం నిద్రపోయి పోట్లాడేదాన్ని.

నమోదు 127. సోమవారం, రెండో షిఫ్టు

ఇది చెవిగదిలోనే కూర్చుని, ఒక చేత్తో టైపు చేస్తున్నాను.

ఇందాక దూది లోంచి ఏదో వినిపించింది. మూలుగు కాదు, నీళ్లు కాదు. కొమురవ్వ మొహం చూశాను. ఆమె కళ్లు మూసుకుని మామూలుగా ఉంది. తొంభై అయిదులో కూడా ఆమె దాకా అది చేరలేదు. అంత సన్నది.

ఆమె మోచెయ్యి నేను పొడిచాను.

"ఏదో పలుకుతాంది అవ్వా."

"ఎట్ల?"

"సన్నగ. చిటుకు చిటుకు."

"చిటుకంటె ఎట్ల తెలుస్తదే? కట్టె ఇరిగినట్టా? పేలాలు ఏగినట్టా?"

దూది తీసేశాను. చెవులు పగిలిపోయేట్టున్నాయి, అయినా విన్నాను. "పేలాలు. షురువుల ఏగినట్టు. ఒకటి, ఆగి ఇంకోటి."

"యాడ?"

అంకెలు ఒక్కొక్కటి నొక్కాను. "అయిదో మైకు."

"పక్కదాంట్ల?"

"ఆరో దాంట్ల గూడ. గంతకంటె మెల్లగ."

ఆమె తల వంచి, అరచెయ్యి నేల మీద ఆనించి కూర్చుంది. నేను చెప్పిన మాటలను లోపల ఎక్కడో పోల్చుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. నాకు వినపడేది ఆమెకు వినపడదు, ఆమెకు తెలిసేది నాకు తెలియదు. ఆ కాసేపట్లో ఎన్ని చిటుకులు పోయాయో.

"కొట్టు," అంది.

కొట్టాను. పట్టా ముక్క మోగింది. జనం వచ్చారు. దుప్పట్లతో, పిల్లలతో, సగం నిద్రతో, తిట్లతో. పెద్దదారి నిండిపోయింది. పడిందా అని అడిగారు. పడలేదు. మరెందుకు కొట్టినట్టు అన్నారు. బానేశన్న కొట్టిన రెండు ఉత్త గంటలకు ఇది మూడోది తోడైందని ఎవరో అంటే కొందరు నవ్వారు. పిల్లలు ఏడుస్తున్నారు. అయిదో మైకు కింద ఇల్లున్న ఆయన పొయ్యి మీద కూర వదిలి వచ్చానని, పోయి దించుకుని వస్తానని గొణిగాడు. ఇప్పుడు మూడోసారి అడుగుతున్నాడు.

చాలాసేపైంది. ఇంకా ఏమీ పడలేదు.

ఓదెలు కాక చెవిగది గుమ్మంలోకి వచ్చాడు. నావైపు చూడలేదు. వంగి, గట్టిగా, ఆమె చెవి దగ్గర, "ఇగ పోవచ్చా అవ్వా?" అని అడిగాడు.

కొమురవ్వ నావైపు తిరిగింది. "రాయి ఏమంటాందే?"

విన్నాను. "ఇంకా ఏగుతాంది. జల్ది జల్దిగ."

ఆమె ఓదెలు కాకను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, ఆయన భుజం మీదుగా జనాన్ని చూసింది.

"కూసోండ్రి," అంది.

కూర వదిలి వచ్చినాయన ముందు కూర్చున్నాడు. తర్వాత ఓదెలు కాక గుమ్మానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఒకరొకరుగా పెద్దదారి పొడుగునా అందరూ కూర్చున్నారు.